సర్వీస్ లిఫ్టులో బ్యాటరీ

ఆ సర్క్యులర్‌ని నేను మొదట లిఫ్టులో చూశాను. మార్చి ఆఖరి వారం, సాయంత్రం నాలుగున్నర. చేతిలో హెల్మెట్, చెమటకి వీపుకి అతుక్కుపోయిన జాకెట్టు. పదకొండో అంతస్తు బటన్ నొక్కి తలెత్తితే అద్దం పక్కన కొత్త కాగితం అంటించి ఉంది.

"సెల్లారులో ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాలకు చార్జింగ్ నేటి నుండి నిషేధించడమైనది. వాటి బ్యాటరీలను ప్యాసింజర్ లిఫ్టులలో తీసుకువెళ్ళరాదు. సర్వీస్ లిఫ్టును మాత్రమే ఉపయోగించవలెను. ఇట్లు, కార్యదర్శి."

కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం. ఇరవై ఆరేళ్ళుగా నాకు తెలిసిన సంతకం. మా ఆయనది. గెజిటెడ్ ఆఫీసరుగా రిటైరై రెండేళ్ళయినా ఆ ఇంకు మాత్రం మానలేదు.

ఇంట్లోకి వెళ్ళేసరికి ఆయన డైనింగ్ టేబుల్ మీద ప్రింటర్ పెట్టుకుని, మిగతా రెండు టవర్లకి కాపీలు తీస్తున్నారు.

"ఏవండీ, నా బండి సంగతి ఏమిటి?"

"నీ బండి ఒక్కదాని సంగతి కాదు పుణ్యవతీ. మూడు టవర్ల సంగతి." ఫోన్ నా ముందుకి జరిపారు. ఎక్కడో ఏదో ఊళ్ళో సెల్లారులో స్కూటర్ తగలబడుతున్న వీడియో. "రెండు రోజులుగా గ్రూపులో ఇదే. ఎంతమంది ఫోన్ చేశారో తెలుసా?"

"చెయ్యనివ్వండి. సెల్లారులో వద్దంటే వద్దు. బయట విజిటర్స్ పార్కింగులో ఆరు చార్జింగ్ పాయింట్లున్నాయిగా, అక్కడ పెట్టుకుంటాను."

"అవి కార్లకి. బోర్డు ఉంది చూడు."

"ఆ బోర్డు పెట్టించింది ఎవరు?"

"కమిటీ."

కమిటీ అంటే ఆయనే. మిగతా నలుగురూ వాట్సాప్‌లో బొటనవేలు చూపిస్తారు, అంతే.

లోపలి గదిలోంచి మా అమ్మాయి రసజ్ఞ హెడ్‌ఫోన్ ఒక చెవి మీదనుంచి జరిపి కేకేసింది. "నాన్నా, ఇంతకీ అమ్మని లిఫ్టు ఎక్కనిస్తావా, లేక ఆవిడ కూడా సర్వీస్ లిఫ్టేనా?"

"నువ్వు నీ మీటింగ్ చూసుకో," అన్నారాయన. ప్రింటర్ ఇంకో కాపీ వదిలింది.

మేముండే తెల్లాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడలో నేను పనిచేసే చోటికి అరగంట. ఒక పెద్ద ఆఫీసు ప్రాంగణంలో, కింది అంతస్తులో క్రెష్ ఉంది. అమ్మలు ఉద్యోగాలకి వెళ్తూ పిల్లల్ని వదిలి వెళ్తారు. ఏడాదిలోపు పిల్లల గది నాది. ఏడూ నలభై అయిదుకి తలుపు తియ్యాలి. ఆ గదిలో ఇద్దరు పెద్దవాళ్ళుంటేనే పిల్లల్ని లోపలికి తీసుకోవాలని అక్కడి నియమం. ఆ ఇద్దరిలో ఒకర్ని నేను. యాభయ్యో ఏట దొరికిన మొదటి ఉద్యోగం. బస్సు కావాలంటే ముందు వెనక్కి లింగంపల్లి వెళ్ళాలి. పొద్దున్నపూట క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ మన గేటు దాకా వచ్చినట్టే వచ్చి రద్దు చేసేస్తాడు. అందుకే స్కూటర్ కొనుక్కున్నాను.

సీటెత్తితే దాని బ్యాటరీ ఉంటుంది. పదకొండు కిలోలు. ఒకసారి నింపితే రెండు రోజులు తిరగొచ్చు. నింపడానికి అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదింటికి ఇంట్లో పెడితే పదింటికి అవుతుంది. సర్వీస్ లిఫ్టుకి ఎనిమిదింటికల్లా తాళం వేస్తారు. అంటే ఆ బరువుని కిందికి దించాల్సింది పొద్దున్నే. పొద్దున్న సర్వీస్ లిఫ్టు చెత్తది.

ఆ సంగతి నాకు మొదటిరోజు దాకా తెలియదు. నాలుగేళ్ళుగా ఆ టవర్లో ఉంటూ ఒక్కసారి కూడా ఆ లిఫ్టు ఎక్కలేదు.

ఆరూ నలభైకి బటన్ నొక్కితే ఏడింటికి పదకొండో అంతస్తుకి వచ్చింది. లోపల రెండు పెద్ద డ్రమ్ములు, వాటి మధ్య ఈరమ్మ. పుచ్చకాయ తొక్కల వాసన గుప్పుమంది. ఈరమ్మ మా టవర్ చెత్త తీస్తుంది. నాకంటే ఓ అయిదేళ్ళు పెద్దదై ఉంటుంది. రోజూ మా గుమ్మం ముందు బుట్ట ఖాళీ చేసి వెళ్తుందని తెలుసు కాని, ఆమె ముఖం దగ్గరగా చూడడం అదే మొదలు.

"ఏందమ్మా గది? సిలిండరా?"

"బ్యాటరీ ఈరమ్మా. స్కూటర్‌ది."

"గింత బరువా! బండిని నువ్వు మోస్తున్నవా, నిన్ను బండి మోస్తున్నదా?"

లిఫ్టు పదో అంతస్తులో ఆగింది. ఈరమ్మ దిగింది. ఈ పక్క నాలుగు ఇళ్ళు, ఆ పక్క నాలుగు ఇళ్ళు. ఎనిమిది బుట్టలు తెచ్చి డ్రమ్ములో వంచి, మళ్ళీ పెట్టి వచ్చింది. తొమ్మిదిలో మళ్ళీ. నేను బ్యాటరీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాను. కింద పెడదామంటే నేలంతా తడి.

"ఈరమ్మా, నన్ను ముందు కిందికి దించి, మళ్ళీ పైకి రాకూడదూ?"

"సెల్లార్ల సూపర్వైజర్ రాజేందర్ సారు కూసుంటడమ్మా. పైనుంచి కిందికి ఒక్కపారే రావాల్నంట, కరెంటు ఎక్కువైతుందని. సెక్రటరీ సారు రాసిన కాయితం ఉన్నది గాడ."

ఆమెకి నేనెవరో తెలియదు. చెప్పాలనిపించలేదు.

ఆ రోజు క్రెష్‌కి వెళ్ళేసరికి ఏడూ యాభై ఎనిమిది. గాజు తలుపు బయట అయిదుగురు అమ్మలు. ఒకావిడకి ముందువైపు ల్యాప్‌టాప్ సంచీ, భుజాన పాప, చెవి దగ్గర ఫోను. నన్ను చూసి "మ్యూట్‌లో ఉన్నాను ఆంటీ, త్వరగా," అని పాపని నా చేతిలో పెట్టి పరుగెత్తింది. హెల్మెట్ కూడా తియ్యకుండానే పాపని అందుకున్నాను. అది నన్ను చూసి జడుసుకుని ఏడ్చింది.

క్రెష్ చూసుకునే భవాని నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. గొంతు పెంచే మనిషి కాదు.

"పుణ్యవతి గారూ, మీ చేతిలో ఏ పిల్లా ఎక్కువసేపు ఏడవదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ మీరు రాకపోతే నేను తలుపు తియ్యలేను. జూన్ రెండో వారంలో కొత్త పిల్లలు చేరుతున్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే పొద్దున్న రాగలిగే ఇంకొకరిని చూసుకోవాలి. తప్పదండి."

"ఇంకోసారి అవ్వదు," అన్నాను.

ఏప్రిల్ నెలంతా నేను పడిన అవస్థ రాస్తే విసుగు. రోజు విడిచి రోజు బ్యాటరీ. అయిదున్నరకే లేచి ఆరింటికి లిఫ్టు తాళం తియ్యగానే దించేద్దామంటే, తాళం తీసే గార్డు ఆరుంపావుకి వస్తాడు. అతను తియ్యగానే ఈరమ్మ డ్రమ్ములతో అన్నిటికంటే పై అంతస్తుకి వెళ్ళిపోతుంది. ఒకరోజు మెట్లు దిగాను. ఆరో అంతస్తు దగ్గర మోకాలు పట్టేసి కూర్చుండిపోయాను. రసజ్ఞ "అమ్మా, మామూలు లిఫ్టులో దింపేస్తా, ఇటివ్వు" అంది. లిఫ్టులో కెమెరా ఉంది. సెక్రటరీ గారి కూతురే నియమం తప్పిందని సాయంత్రానికి గ్రూపంతా మోగిపోతుంది.

చివరికి దారి చూపించింది ఈరమ్మే. ఒక చక్రాల డ్రమ్ముని ముందురోజు కడిగి, ఎండలో ఆరబెట్టి, అడుగున పాత దుప్పటి పరిచి తెచ్చింది.

"దీంట్ల పెట్టమ్మా. చెత్త దీన్ల వెయ్య. పదకొండు కాడ ఎక్కిచ్చుకుంట, చెత్త జల్ది జల్ది తీసి నీ బండి కాడికి నూక్కుంట పోత. నువ్వు మంచిగ మామూలు లిఫ్టుల దిగి బండి కాడ నిలబడు. నడుము పోయినంక ఏ దవాఖానకు పోతవు?"

పది రోజులు హాయిగా గడిచాయి. డ్రమ్ము వచ్చేసరికి ఏడూ అయిదు, నేను బయటపడేసరికి ఏడూ పది. పదకొండో రోజున ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. చెత్త డ్రమ్ములో బ్యాటరీ, పక్కన ఈరమ్మ, ఓ మూల సగం కనిపిస్తూ నా హెల్మెట్. "చెత్తతో పాటు బాంబులు! సెక్రటరీ గారూ, ఇదేనా భద్రత?"

సాయంత్రానికి లిఫ్టులో రెండో సర్క్యులర్. "పారిశుధ్య సిబ్బంది నివాసితుల సొంత వస్తువులను చెత్త బండ్లలో తరలించరాదు."

"ఆ హెల్మెట్ నాదని తెలుసుగా మీకు?" అన్నాను.

"తెలుసు. అందుకే ఇంకా తొందరగా పెట్టాల్సి వచ్చింది. నా ఇంటికొక నియమం, ఊరికొక నియమం అంటే రేపు నా మాట ఎవరు వింటారు?" కూరలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా అన్నారు. "అయినా నేనున్నానుగా. రోజూ కారులో దింపుతాను."

రెండు రోజులు దింపారు. కారులో వార్తలు పెట్టుకుని, దారంతా బోరుబావి గురించి మాట్లాడుతూ తీసుకెళ్ళారు. మూడో రోజు ఏడూ పదికి గేటు దగ్గర రాజేందర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, జర ఆగుండ్రి. ట్యాంకరోడు సగం నీళ్ళే పోసిండు. అడిగితే ఎదురు తిరుగుతుండు."

"ఒక్క నిమిషం," అని దిగారాయన. ట్యాంకర్ ఎక్కి మూత తీసి చూశారు. డ్రైవర్ని దింపారు. ఫోన్లో ఎవరినో పిలిచారు. నేను అద్దం దించి "ఏవండీ" అన్నాను. వినిపించలేదు. రెండోసారి హారన్ కొట్టాను. అక్కడున్న నలుగురూ నా వైపు చూశారు. ఆయన ఆగమన్నట్టు అరచెయ్యి చూపించి మళ్ళీ ట్యాంకర్ వైపు తిరిగారు. ఆ పనిలో ఆయన ముఖం ఎంత వెలిగిపోతోందో నాకు కనిపిస్తూనే ఉంది. రిటైరైన కొత్తలో, పొద్దున్న పదింటికి ఎక్కడికి వెళ్ళాలో తెలియక బాల్కనీలో బట్టలు మళ్ళీ మళ్ళీ సర్దిన మనిషి. ఆ ముఖం గుర్తొచ్చే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

క్రెష్ చేరేసరికి ఎనిమిదీ అయిదు. భవాని రిజిస్టర్ నా ముందుకి తోసి టైమ్ వెయ్యమంది.

ఇంటికొచ్చి చెప్తే ఆయన, "అలాంటివి జరుగుతూ ఉంటాయి. నీదేమన్నా కలెక్టరు ఉద్యోగమా, అయిదు నిమిషాలకి కొంపలు మునగడానికి?" అన్నారు.

నేను లోపలికెళ్ళి బియ్యం కడిగాను. రెండుసార్లు కడిగి, నీళ్ళు పోశానో లేదో గుర్తురాక మళ్ళీ కడిగాను.

మర్నాటి నుంచి మళ్ళీ బ్యాటరీ, చెత్త లిఫ్టూ. మే ఇరవై ఎనిమిదిన ఆయన బోరు పనివాళ్ళతో కింద ఉన్నప్పుడు అసోసియేషన్ మేనేజర్ సురేంద్ర ఇంటికొచ్చాడు. సిద్దిపేట వైపు మనిషి. ఎండకి ముఖం కందిపోయి ఉంది. మజ్జిగ ఇచ్చాను. తాగి, ఫైలులోంచి ఒక కాగితం తీశాడు.

"మేడమ్, ఏటా పెట్టేదే. జర సంతకం పెట్టుండ్రి. ముప్పై ఒకటితోని పాతది అయిపోతది."

గతంలో రెండుసార్లు ఇలాగే పెట్టినట్టు గుర్తుంది. ఒకసారి చేతికి శనగపిండి ఉంటే మోచేత్తో కాగితం నొక్కిపట్టి మరీ పెట్టాను. ఈసారి చేతులు ఖాళీగా ఉన్నాయి. చదివాను.

"ఫ్లాట్ నెంబరు 1104 యజమానురాలినైన నేను, సంఘ సభ్యురాలిగా నాకు గల ఓటు హక్కును, నేను ఎన్నికైన పదవి బాధ్యతలను నా తరఫున నిర్వర్తించుటకు నా భర్తకు ఒక సంవత్సర కాలమునకు అధికారమిస్తున్నాను."

"నేను ఎన్నికైన పదవి ఏమిటి సురేంద్రా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "సెక్రటరీ, మేడమ్. ఫ్లాట్ మీ పేరు మీద ఉన్నది కదా. ఓనరే మెంబరు, మెంబరే నిలబడాలె. రూల్సు అట్లనే ఉన్నయి. రికార్డుల సెక్రటరీ మీరే. సారు మీ తరఫున చేస్తున్నరు."

కొన్నప్పుడు మా ఆయనే పట్టుబట్టి ఫ్లాట్ నా పేరున రాయించారు. ఆడవాళ్ళ పేరున ఉంటే కలిసొస్తుందని. రిజిస్ట్రేషన్ రోజు కొత్త చీర కట్టుకుని, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను.

"అయితే ఆ మార్చి సర్క్యులర్?"

"ఆఫీసు కాపీల మీ పేరే ఉంటది మేడమ్. మీ తరఫున సారు సంతకం." సురేంద్ర ఇబ్బందిగా నవ్వాడు. "మీ ఒక్కరిదే కాదు. మన దాంట్ల సగానికెక్కువ ఫ్లాట్లు మేడమ్‌ల పేరు మీదనే. అందరు లెటర్లు ఇస్తరు. ఒక డబ్బా నిండ ఉన్నయి."

అంటే రెండు నెలలుగా నా బండిని ఆపింది నేనే. మెట్ల మీద నా మోకాలు పట్టేసేలా చేసిందీ నేనే.

"కాగితం ఇక్కడ ఉంచి వెళ్ళు," అన్నాను.

"సారు రేపటిలోగ కావాలన్నరు మేడమ్."

"ఆయనకి నేను చెప్తాను."

భోజనాల దగ్గర ఆయనే అడిగారు. "సురేంద్ర వచ్చాడటగా. పెట్టావా?"

"లేదండీ."

"మర్చిపోయావా? పొద్దున్న పెట్టు."

"మర్చిపోలేదు. పెట్టను. ఈ ఏడాది నేనే చూసుకుంటాను."

రసజ్ఞ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. ఆయన నవ్వారు. నేనూ నవ్వుతానని కాసేపు చూశారు. ఆ తరవాత నవ్వు పోయింది.

"బోర్లు, లిఫ్టుల కాంట్రాక్టులు, ట్యాంకర్లు. వీటి గురించి నీకేం తెలుసు?"

"చెత్త లిఫ్టు గురించి తెలుసు."

"ఒక్క స్కూటర్ కోసం ఇంత చేస్తావా పుణ్యవతీ?"

"స్కూటర్ కోసం కాదండీ, ఏడూ నలభై అయిదు కోసం. పప్పు వెయ్యనా?"

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

జూన్ ఒకటిన, ఆదివారం, క్లబ్‌హౌస్ కింద ఉన్న అసోసియేషన్ ఆఫీసుకి వెళ్ళాను. సురేంద్ర కుర్చీ తుడిచాడు. ఇద్దరు పెద్దమనుషులు పార్కింగు తగువుతో వచ్చి, "సార్ లేరా? ఒంట్లో బాగోలేదా?" అన్నారు. "బాగానే ఉన్నారు. నాకు చెప్పండి," అన్నాను. మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. ముప్పావు గంటలో నలుగురు అలాగే వచ్చి, అలాగే వెళ్ళారు.

నేను రాసింది చిన్నదే. సెల్లారులో చార్జింగ్ వద్దన్న మాట అలాగే ఉంచాను. ఆ భయంలో తప్పేమీ లేదు. విజిటర్స్ పార్కింగులోని ఆరు పాయింట్లలో, సెక్యూరిటీ గదికి దగ్గరగా ఉన్న రెండింటిని స్కూటర్లకి కేటాయించాను. సాయంత్రం నాలుగు నుంచి పది వరకు, గార్డు కళ్ళెదుటే. చెత్త లిఫ్టు పైనుంచి కిందికి ఒక్కసారే రావాలన్న కాగితం రద్దు. అంతే. కింద నా సంతకం పెట్టాను.

రాజేందర్ దాన్ని లిఫ్టులో అంటిస్తూ, "మేడమ్, గిప్పుడు సారును ఏమని పిలవాలె?" అన్నాడు.

"సార్ అనే."

గ్రూపులో కార్ల వాళ్ళు రెండు రోజులు పోట్లాడారు. "స్కూటర్లకి ఎండలో నిలబడే హక్కు కూడా లేదా?" అని సి-టవర్ నుంచి అనసూయమ్మ గారు ఒక్క మాట పెట్టారు. ఆవిడ గ్రూపులో మాట్లాడడం అదే మొదటిసారి. ఆ రెండు పాయింట్ల దగ్గర నాలుగు రోజుల్లో నాది కాక ఇంకో మూడు బండ్లు వరస కట్టాయి. వంతుల కోసం కూడా తగువులు మొదలయ్యాయి. అవీ నాకే చెప్పారు. పిల్లకి పాలు పడుతుంటే ఫోను, స్కూటర్ మీద ఉంటే ఫోను. సెక్రటరీ పని సుఖమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆయన మాత్రం ఇంట్లో అవసరమైన మాటలే మాట్లాడుతున్నారు. "నీళ్ళు." "తాళం." "పాలవాడు." బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెడుతున్నారు. అయినా ఆ కాగితం మీద సంతకం మాత్రం పెట్టలేదు.

జూన్ తొమ్మిది, కొత్త పిల్లలు చేరే రోజు. ఏడుంపావుకే రమ్మంది భవాని. ఆరున్నరకే టిఫిన్ డబ్బా కట్టుకుని బయల్దేరుతుంటే ఆయన గదిలోంచి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. చేతిలో పొడుగు కవరు.

"ఏమిటండీ ఇది?"

"అభ్యంతర పత్రం. చదువు."

టైపు చేసి, ప్రింటు తీసి, పేరాలకి అంకెలు వేసి ఉంది. గౌరవనీయులైన కార్యదర్శి గారికి. కమిటీ తీర్మానం లేకుండా పార్కింగు పాయింట్లను కేటాయించుట నియమావళికి విరుద్ధము.

"ఇంట్లోనే ఉన్నాంగా. నోటితో చెప్పొచ్చు కదా."

"ఇంట్లో మాట ఇంట్లోదే. ఇది రికార్డులో ఉండాలి."

"మరి మార్చిలో మీరు పెట్టిన దానికి తీర్మానం ఉందా?"

"లేదు." కాసేపు గోడ గడియారం వైపు చూశారు. "అప్పుడు ఎవరూ రాసి అడగలేదు."

"పదిహేను రోజుల్లో జవాబిస్తాను."

"రెండో కాపీ మీద అందినట్టు సంతకం పెట్టు. తేదీ, టైమూ వెయ్యి."

నించునే కాగితం టేబుల్ మీద పరిచి, పెన్ను తీశాను. సంతకానికి చోటు వెతుకుతుంటే, అడుగున ఆయన తన పేరు కింద టైపు చేసుకున్నది కంటబడింది. ఫ్లాట్ ఆయనది కాదు. సభ్యుడు కాదు. పదవి లేదు. ఏం రాసుకోవాలో ఎంతసేపు ఆలోచించారో తెలియదు.

"ఇట్లు, ఎం. రామ్మోహనరావు, 1104 యజమానురాలు పుణ్యవతి గారి భర్త."

తలెత్తి చూశాను. ఆయన నా హెల్మెట్ అందుకుని, దాని అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"టైమ్ వెయ్యి," అన్నారు. "ఆరూ నలభై ఎనిమిది. నీకు ఆలస్యమవుతుంది."